కంప్యూటర్లో వడ్డాది బస్సు

ఆ ఆదివారం ఉమామహేష్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకి ఒక బస్సుని చోడవరంలో బయల్దేరదీసి వడ్డాదిలో ఆపాలి. అంతే. డ్రైవరు అక్కర్లేదు, కండక్టరు అక్కర్లేదు, డీజిలు అసలే అక్కర్లేదు. రెండు నెలలు కూర్చుని ఆ బస్సుని కంప్యూటర్లో అతనే గీశాడు. ఎర్ర బస్సు, కిటికీల్లో తలకాయలు, అటూ ఇటూ చెరకు తోటలు, దారిలో ఒక కల్వర్టు, ఈ చివర 'చోడవరం' అని ఒక బోర్డు, ఆ చివర 'వడ్డాది' అని ఇంకో బోర్డు. మీట నొక్కితే బస్సు ఈ బోర్డు నుంచి ఆ బోర్డుకి వెళ్తుంది.

ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం నాటి మాట. చోడవరం మెయిన్ రోడ్డు వెనక వీధిలో ఉమామహేష్ కంప్యూటర్ సెంటరు తెరిచి అప్పటికి ఎనిమిది నెలలు. బెంచీలు వచ్చాయి, బోర్డు వచ్చింది, ఒక పాత కంప్యూటరూ వచ్చింది. పిల్లలే రాలేదు. రిజిస్టరులో ఉన్న ఒకే ఒక్క పేరు అతని అక్క ఉషది. ఆవిడ కూడా మూడో నెలలో పెళ్ళి చేసుకుని విశాఖపట్నం వెళ్ళిపోయింది.

తండ్రి పరదేశి బెల్లం వ్యాపారి. మాట తక్కువ మనిషి. వారం క్రితం అన్నం తింటూ తింటూ కొడుకుతో ఒక్క మాటన్నాడు. "వొచ్చే ఆదివారం మజ్జాన్నానికి పది పేర్లు రావాల. నేకపోతే సోమారం నుంచి కొట్లో కాటా కాడ కూకో." మజ్జిగ పోసుకుని లేచిపోయాడు. ఇంక దాని మీద అప్పీలు లేదు.

కాటా దగ్గర కూర్చోవడం ఉమామహేష్‌కి నామోషీ కాదు, భయం. ఆ స్టూలు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవడం వాళ్ళ ఇంటా వంటా లేదు. తాత కూర్చున్నాడు, పెదనాన్న కూర్చున్నాడు, వాళ్ళిద్దరినీ అక్కడినుంచి నలుగురు మోసుకెళ్ళారు. అందుకే తండ్రికి బెల్లం తోలే రైతులందరికీ, వడ్డాది వాళ్ళకీ బుచ్చయ్యపేట వాళ్ళకీ, కాళ్ళరిగేలా తిరిగి చెప్పివచ్చాడు. ఆదివారం పది గంటలకి కంప్యూటరు చూపిస్తాను, పిల్లల్ని తీసుకుని రండి అని. వాళ్ళకి తెలిసిన దారే చూపిస్తే మనసుకి పడుతుందని గీసి ఉంచిన బస్సుని వడ్డాది రూటులో వేశాడు.

సెంటర్లో ఉన్న పాత కంప్యూటరు ఆ బస్సుని మొయ్యలేదు. అందుకని విశాఖలో ఉద్యోగం చేసే బావ సత్యారావు దగ్గర ఆఫీసు లాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నాడు. బావ ఆదివారం పదకొండుకల్లా వచ్చి దాన్ని పట్టుకుపోతాడు. లాప్‌టాప్ తెర పలకంత ఉంటుంది, వెనక బెంచీ వాళ్ళకి ఆనదు. దానికి తగిలించడానికి విశాఖలో ఎత్తేసిన ఒక ఆఫీసు నుంచి ఇరవయ్యొక్క అంగుళాల మానిటరు సంపాదించాడు. దాన్ని ఇద్దరు మనుషులు పట్టుకుని దింపారు.

ఆదివారం పొద్దున్న ఆరు గంటలకి తల్లి రాజులమ్మ మానిటరుకి బొట్టు పెట్టి, మీద ఒక మందారం ఉంచింది. ఉమామహేష్ మీట నొక్కాడు. ముందురోజు లాప్‌టాప్ తెర మీద నున్నగా జారుకుంటూ పోయిన బస్సు పెద్ద తెర మీదికి వచ్చేసరికి మారిపోయింది. కదిలింది. ఆగింది. ఒక్క ఎగురు ఎగిరింది. మళ్ళీ ఆగింది. కల్వర్టు దగ్గర వెనక్కి తగ్గినట్టు కూడా అనిపించింది. చోడవరంలో బయల్దేరింది వడ్డాది చేరేసరికి రాజులమ్మ కాఫీ కలిపి తెచ్చేసింది.

"ఓల్టేజీ నేదురా" అంది రాజులమ్మ.

చోడవరంలో దేనికైనా ముందు చెప్పే మాట అదే. ఫేను మెల్లగా తిరిగితే వోల్టేజీ. టీవీలో బొమ్మ నడుం సన్నబడితే వోల్టేజీ. ఊరి చుట్టూ చెరకు తోటలు, తోటకో మోటారు. అవన్నీ తాగగా మిగిలింది ఇళ్ళకి వస్తుంది. ఉమామహేష్ కంప్యూటరు కోర్సు చదివినవాడు, ఆలోచించాల్సింది. కానీ చదివింది విశాఖలో, పుట్టింది చోడవరంలో. కంగారులో పుట్టిన ఊరే ముందు పలుకుతుంది.

"నిజమే అమ్మా! ఫ్రిజ్జుది స్టెబిలైజరు పట్రా!" అన్నాడు.

స్టెబిలైజరు వచ్చింది, టక్ టక్‌మంటూ నాలుగుసార్లు కొట్టుకుంది, ముల్లు నూట డెబ్బయి దగ్గర నిలబడింది. నూట డెబ్బయి! ఇంకేం రుజువు కావాలి! పాపం, ఆ ముల్లు నిజమే చెప్పింది. అబద్ధం చెప్పి ఉంటే ఆ వీధి బాగుపడేది.

పక్క షెడ్డులో పెదబాబు వెల్డింగు చేస్తున్నాడు. అతను రాడ్డు అంటించినప్పుడల్లా వీధిలో బల్బులన్నీ కళ్ళు మూసుకుంటాయి. ఉమామహేష్ పరుగెత్తాడు.

"పెదబాబూ, ఒక్క గంట ఆపేసీ. నా బతుకు దీని మీదుంది."

"నీ బతుకు సరే, నా గేటు?" అన్నాడు పెదబాబు. "దేవరాపల్లి నుంచి ఆసామీ ట్రాక్టరేసుకొచ్చి కూకున్నాడు సూడు. పది గంటలకి గుమ్మానికి బిగించీయాలట."

"ఆయన్ని కూడా మా సెంటర్లో కూకోబెడతాను. ఫేనుంది."

ఫేను మాట ఆ ఆసామీకి నచ్చింది. వెల్డింగు ఆగింది. ముల్లు నూట ఎనభై అయిదుకి వెళ్ళింది. బస్సు మాత్రం అలాగే ఎగిరి ఆగింది.

ఎదురుగా అచ్చియ్యమ్మ టిఫిను హోటలు. అక్కడ పెద్ద గ్రైండరు గడగడలాడుతోంది. ఆపమనేసరికి ఆవిడ నడుముకి కొంగు బిగించింది.

"పప్పు సగమే నలిగింది నాయనా! ఇప్పుడాపీసి గారెలేస్తే అవి గారెలవుతాయేటి? గులకరాళ్ళవుతాయి. ఆదోరం పూట నా కొట్టు మూయించెత్తావేటి?"

"ఎలాగున్నా ఆ గారెలన్నీ నాకే అచ్చియ్యమ్మప్పా. వచ్చినోళ్ళకి నేనే పెడతాను."

"పళ్ళూడితే నన్ననకూడదు మరి" అని ఆవిడ స్విచ్చి కట్టేసింది. ముల్లు నూట తొంభై అయిదు. బస్సు అదే బస్సు.

అచ్చియ్యమ్మ హోటల్లో టీ తాగుతున్నవాడు లైన్‌మేన్ బంగార్రాజు. ఎవరైనా తల గోక్కుంటుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి. సాయం చెయ్యడమంటే అతనికి ప్రాణం. ఆ సాయం వల్ల ఎవరి ప్రాణం పోతుందో మాత్రం ముందు చూసుకోడు.

"ఇలగ ఒక్కొక్కర్నీ బతిమాలితే తెల్లారినట్టే" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "ట్రాన్స్‌ఫార్మరు కాడ ఈది ఫీజులు రెండు పీకెత్తాను. నీ సెంటరున్నది మూడోది. మొత్తం కరెంటు నీకొక్కడికే. మారాజులాగ వాడుకో."

"ఎవరైనా అడిగితే?"

"అడిగితే నాను సూసుకుంటాను కదేటి!"

తొమ్మిదింబావుకి బంగార్రాజు ఫీజులు పీకాడు. వీధంతా చల్లబడింది. సెంటర్లో బల్బు పెళ్ళిపందిరిలో దీపంలా వెలిగింది, ఫేను కాయితాలన్నీ గోడకెత్తి కొట్టింది, ముల్లు రెండొందల నలభై మీద నిలబడి వణికింది. చోడవరంలో పుట్టి అంత కరెంటు ఉమామహేష్ ఎప్పుడూ చూడలేదు. చెమట తుడుచుకుని మీట నొక్కాడు. కదిలింది. ఆగింది. ఒక్క ఎగురు ఎగిరింది.

అప్పుడు అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

ఏడవడానికైనా తీరిక ఉండాలి కదా. కరెంటు పోతే చోడవరంలో ఎవరూ ఇంట్లో కూర్చోరు. బయటికొచ్చి ఎదురింటివాళ్ళని "మీకుందా?" అని అడుగుతారు. ఎదురింట్లో కూడా లేదంటే సగం బాధ తీరుతుంది. ఆ రోజు వీధంతా బయటికొచ్చి ఒకళ్ళనొకళ్ళు అడిగి, ఎవరికీ లేదని తృప్తి పడబోతూ చూసేసరికి, ఒక్క కంప్యూటరు సెంటర్లో మాత్రం ఫేను గిర్రున తిరుగుతోంది! గుమ్మంలో చూస్తే బంగార్రాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లైన్‌మేన్ గుమ్మంలో ఉన్నాడంటే లోపల పెద్దాఫీసరు ఉన్నట్టే. పెద్దాఫీసరు ఆదివారం వచ్చాడంటే ఎందుకొస్తాడు? బిల్లుల తగాదాలు తేల్చడానికే. ఈ సంగతి ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, పది నిమిషాల్లో వీధంతా బిల్లులు పట్టుకుని సెంటర్లో ఉంది. సగం టిఫినులో ఉన్న అచ్చియ్యమ్మ బేరాలు ప్లేట్లతో సహా వచ్చి కూర్చున్నారు. అదే సమయానికి అసలు పిలిచిన వడ్డాది, బుచ్చయ్యపేట రైతులూ దిగారు. ఇరవై మంది పట్టే గదిలో యాభై మంది.

"ఆఫీసరు గారేరి?" అని అడిగితే బంగార్రాజు గతుక్కుమని, "నాకేటి తెల్దు. లోపలున్న బాబునడగండి" అని ఉమామహేష్ మీదికి తోసేశాడు. చూసుకుంటానన్న మాట అంతటితో సరి.

అప్పలనరసమ్మ అనే ముసలామె తిన్నగా వచ్చి మానిటరు ముందు బిల్లు పరిచింది. "నాకున్నదొక బల్బు, ఒక ఫేను. ఇన్ని యూనిట్లెలా కాలేయో ఆ పెద్ద టీవీలో సూపించు బాబూ."

"ఇది కరెంటాఫీసుది కాదు మామ్మా, కంప్యూటరు."

"ఆ కంపూటర్లోనే వొచ్చిందట ఈ బిల్లు! మీ బంగార్రాజే అన్నాడు."

ఉమామహేష్ నోరు తెరిచే లోపల గుమ్మం దగ్గర సందడి ఆగిపోయింది. పరదేశి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో గొడుగు. ఆయన జనాన్ని చూశాడు, ప్లేట్లు చూశాడు, సగం గేటు పక్కన పెట్టుకుని కూర్చున్న దేవరాపల్లి ఆసామీని చూశాడు. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"మొదలెట్టు" అన్నాడు.

"బావ రానీ నాన్నా. ఒక్క అరగంట..."

"పదికని పిలిచేవు కదా. మొదలెట్టు."

గత్యంతరం లేదు. ఉమామహేష్ దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నా ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఎగురుతుందో అతనికి కంఠతా వచ్చు. గదిలో చడీచప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో అతనికి బెల్లం వాసన కూడా వేసింది.

"ఆగు బాబూ, ఆగు!" ఎవరో గట్టిగా అరిచారు. వడ్డాది రైతు గోవిందరావు. బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. "ఇది మన రోడ్డే! సూడండెహె, అచ్చం మన వడ్డాది రోడ్డే! ఆ గతుకులు సూసేరా? ఎలగ దించేడో!"

"ఓలమ్మో, ఆ కల్వర్టు కాడ సూడు! ఎగిరి పడ్డాది!" అంది అప్పలనరసమ్మ నడుం పట్టుకుని. "నాకిక్కడ నొప్పెట్టేసింది!"

"ఆగిందేటి?"

"ఎనకచక్రం దిగిపోయింది. మొన్న మనం దిగి తొయ్యలేదేటి? అదే చోటు!"

ఉమామహేష్ ఒక కన్ను తెరిచాడు. జనం ముందుకి ఒరిగి చూస్తున్నారు. బస్సు ఎగిరినప్పుడల్లా బెంచీలు కూడా ఎగురుతున్నాయి. సగం గేటు ఆసామీ అయితే రెండు చేతుల్తో ముందు బెంచీ కడ్డీ పట్టుకున్నాడు. బస్సు ఎట్టకేలకు వడ్డాది బోర్డు చేరేసరికి అందరూ హమ్మయ్య అని వెనక్కి చేరబడ్డారు.

"బొమ్మలాట్లు బోలెడు సూసేం" అన్నాడు గోవిందరావు. "అన్నిట్లోనూ రోడ్డు అద్దంలాగుంటాది. మన రోడ్డు మనకున్నట్టు సూపించినోడు నువ్వేరా నాయనా! మా గుంట పేరు రాసుకో" అని కూతుర్ని ముందుకి తోశాడు.

ఇంకో పది నిమిషాలు ఉమామహేష్‌కి పెన్ను ఎత్తే తీరిక లేదు. అప్పలనరసమ్మ మనవడి పేరు, దేవరాపల్లి ఆసామీ ఇద్దరు కొడుకుల పేర్లు, బుచ్చయ్యపేట వాళ్ళవి నాలుగు. "గ్రైండరాపినందుకు నాకూ ఒక సీటివ్వాల" అని అచ్చియ్యమ్మ తన పేరే రాయించింది. తొమ్మిది! ఉమామహేష్ పదో నంబరు వేసి పెన్ను పట్టుకున్నాడు. ఇంకొక్కటి.

సరిగ్గా అప్పుడే బావ సత్యారావు జనాన్ని తప్పించుకుంటూ లోపలికొచ్చాడు. తెర మీద మూడోసారి ఎగురుతున్న బస్సుని చూసి అతని మొహం మాడిపోయింది. అది అతని ఆఫీసు లాప్‌టాప్. యాభై మంది ముందు దాని పరువు పోతోంది.

"ఇదేంట్రా మహేషూ, ఇలా కొట్టుకుంటోంది? నువ్వేం చేసేవు దీన్ని?"

"నేనేం చెయ్యలేదు బావా. వోల్టేజీ..."

"వోల్టేజీ ఏంట్రా? అందులో బ్యాటరీ ఉంది కదా! కరెంటు పోయినా దానికి తెలీదు."

గుమ్మం దగ్గరున్న బంగార్రాజు ఈ మాట వింటూనే చెప్పులేసుకుని ట్రాన్స్‌ఫార్మరు వైపు వెళ్ళిపోయాడు. సత్యారావు లాప్‌టాప్ ముందు వంగి నాలుగు చోట్ల నొక్కి చూసి తల పట్టుకున్నాడు.

"తెర సైజు ఆఖరికంటా లాగేవు. రంగులు కోటీ అరవై లక్షలు పెట్టేవు. ఇంత చిన్న మిషను అంత బరువెలా మోస్తుందిరా?"

"పెద్ద తెర కదా బావా. తక్కువ పెడితే బాగోదని..."

"అసలు నీ బస్సులో రంగులెన్ని?"

ఉమామహేష్ వేళ్ళు మడిచాడు. "ఎరుపు, పచ్చ, నలుపు... బోర్డు పసుపు."

సత్యారావు సైజు తగ్గించాడు, రంగులు వేలలోకి దించాడు, మీట నొక్కాడు. బస్సు కదిలింది. నీళ్ళ మీద పడవలా చెరకు తోటల మధ్యనుంచి జారుతూ, కల్వర్టు మీద చీమంత కూడా ఊగకుండా వెళ్ళి వడ్డాదిలో ఆగింది. సత్యారావు గర్వంగా జనం వైపు తిరిగాడు.

ఒక్క బెంచీ కూడా ఎగరలేదు.

"ఇదేటి బాబూ?" అన్నాడు చివరికి గోవిందరావు. "ఇమానం లాగెళ్ళిపోనాది?"

"ఇదే కరెక్టండి" అన్నాడు సత్యారావు. "ఇందాకటిది తప్పు."

"తప్పేటి? పొద్దున్న ఆ బస్సులోనే కదా వొచ్చేను! నువ్వేనాడైనా వడ్డాదెళ్ళేవా?"

"నాకు నడుం నొప్పి కూడా పోయింది" అంది అప్పలనరసమ్మ అసంతృప్తిగా.

"ఉన్న రోడ్డుని ఉన్నట్టు సూపించేడని గుంట పేరు రాయించేను. ఇది మాయ. మా గుంటకి మాయలు నేర్పక్కర్లేదు. పేరు కొట్టీ" అన్నాడు గోవిందరావు. అతని వెనకే బుచ్చయ్యపేట వాళ్ళు కూడా లేచారు. ఒకటీ రెండూ కాదు, చేతికందినవి అయిదు పేర్లు నోటికందకుండా పోతున్నాయి. ఉమామహేష్ బావ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. మళ్ళీ పాడు చేసీ!"

"ఏంట్రా?"

"ఎలా ఉండేదో అలా పెట్టీ! బేగి!"

సత్యారావుకి ఉద్యోగంలో ఎన్నో మిషన్లు బాగుచెయ్యాల్సి వచ్చింది. బాగున్నదాన్ని బతిమాలి పాడు చేయించుకున్నవాణ్ణి మాత్రం అప్పుడే చూశాడు. నిట్టూర్చి, సైజు ఆఖరికంటా లాగి, కోటీ అరవై లక్షల రంగులూ మళ్ళీ దాని నెత్తిన పెట్టాడు. బస్సు కదిలింది. ఆగింది. ఒక్క ఎగురు ఎగిరింది.

"అదీ!" అన్నారందరూ. గోవిందరావు కూర్చున్నాడు. అతను కూర్చుంటే మిగతావాళ్ళూ కూర్చున్నారు. అచ్చియ్యమ్మ గారెలు పంచింది. అవి నిజంగానే గులకరాళ్ళు. అయినా బస్సు ప్రయాణంలో అలసిపోయిన జనం కొరుక్కుని తిన్నారు.

వీధిలో కరెంటు వచ్చింది. గడియారం పన్నెండు కావస్తోంది. జనం ఒక్కొక్కరే లేచి వెళ్తున్నారు. రిజిస్టరులో కొత్త పేర్లు తొమ్మిది. ఉమామహేష్ గుమ్మం వైపు చూశాడు. పరదేశి వచ్చినప్పటినుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. నవ్వలేదు, నడుం పట్టుకోలేదు, గారె ముట్టుకోలేదు. ఇప్పుడు మెల్లగా లోపలికొచ్చి మానిటరు ముందు నిలబడ్డాడు.

"ఇంకోపాలి ఎయ్యి."

వేశాడు. పరదేశి గొడుగు చివరతో తెర వైపు చూపిస్తూ ఆ బస్సుని వడ్డాది దాకా సాగనంపాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"తప్పు" అన్నాడు.

"ఏటి నాన్నా తప్పు?"

"గతుకులు. కల్వర్టుకి ముందొకటెట్టేవు. అక్కడ నేదు. దాటేక రెండుంటాయి, ఎడమేపు. తోటల కాడ మలుపులో పెద్దదుంటాది, అక్కడ నీ బస్సు సాఫీగా ఎళ్ళిపోతంది. ఇరవై రెండేళ్ళు బెల్లం బండి మీద తిరిగేను ఆ దారమ్మట. నాకు తెల్దేటి?"

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం రాజులమ్మ కూడా ఎప్పుడూ వినలేదు. ఉమామహేష్ తండ్రి మొహంలోకి చూశాడు. ఈ మనిషి వచ్చినప్పటినుంచీ జనాన్ని లెక్కపెట్టడం లేదు, రోడ్డుని చూస్తున్నాడు!

"ఇది మార్సొచ్చా?" అన్నాడు పరదేశి.

"నేర్చుకుంటే ఎవరైనా మార్చొచ్చు నాన్నా."

"నాలాటోడైనా?"

ఉమామహేష్ బెంచీ ఆయన వైపు జరిపాడు. "నువ్వైతే ఇంకా బాగా" అన్నాడు.

పరదేశి గడియారం చూశాడు. పన్నెండుకి రెండు నిమిషాలుంది. బెంచీ మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రాసుకో మరి" అన్నాడు. "పేరు తెలుసు కదా."

మరుసటేడు ఆ రోడ్డుకి కొత్త తారు పడింది. కంప్యూటర్లో మాత్రం గతుకులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పూడ్చే పాఠం దాకా పరదేశి ఇంకా రాలేదు.